అమ్మ కుడిపక్క

"చేతులు మార్చుకొచ్చారేంటి సిస్టరమ్మా?" అని తాతారావు గారు అడిగిన పూట నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. పక్షవాతం వచ్చి మా ఆస్పత్రిలో చేరితే, ఐసీయూ నుంచి వార్డుకు మారిన రోజు మొదలు డిశ్చార్జి అయ్యేదాకా ఆయన్ని చూసుకున్నది నేనే. మింగడం ఆయనకు పెద్ద గండం. అయినా నా చేత్తో పడితే గిన్నెడు జావ తాగి, ఇంకా ఉందా అన్నట్టు చూసేవారు. తర్వాత ఆయన్ని ఫిజియోథెరపీ సెంటరుకు పంపాం. కొన్నాళ్ళకు అక్కడ నెమ్ము చేసి, మళ్ళీ మా వార్డుకే వచ్చారు. పాత చుట్టం వచ్చినంత సంబరపడి, ఇంకొకరిని దగ్గరికి రానివ్వకుండా జావ గిన్నె నేనే పట్టుకెళ్ళాను.

రెండో చెంచాకే పొలమారింది. మొహం కందిపోయింది. వీపు నిమిరి, గొంతులోది మిషనుతో లాగేసి, ఆయన తేరుకున్నాక మళ్ళీ పట్టాను. మళ్ళీ పొలమారింది. గడ్డం కిందికి దించాలి, చెంచా ఎడమ పక్కగా పెట్టాలి, ఒక గుటక పడ్డాక ఇంకో గుటక కోసం ఆగాలి. ఇవన్నీ నోటితో గడగడా చెప్పగలను. కానీ గడ్డం ఏపాటి దించాలో, ఎంతసేపు ఆగాలో నా చేతులకు అంతుపట్టలేదు. తల నెరిసిన నర్సుని, మొదటిసారి చెంచా పట్టిన ట్రైనీ పిల్లలా తడబడ్డాను.

"నేనేనండీ, సలోమిని. గుర్తులేదా?" అన్నాను.

"ఎందుకు గుర్తులేదు? మనిషి మీరే," అన్నారు దగ్గు ఆగాక. "చేతులే మీవి కావు."

గిన్నె పక్క సిస్టరుకిచ్చి, దడదడా మెట్లు దిగి డాక్టర్ వకుళ గదికి వెళ్ళాను. ఒకప్పుడు ఎక్స్‌రే గది అది. మెదడు మీద పరిశోధన చేసే వకుళకు దాన్నిచ్చారు. బల్ల మీద చేతి తొడుగులు ఆరేసి ఉన్నాయి. ఉల్లిపొరంత పల్చన, లోపలంతా వెంట్రుకలాంటి తీగలు. ఆ తొడుగుల్ని చూస్తే మా నర్సులందరికీ అప్పటిదాకా ముద్దుగానే ఉండేది.

ఎందుకుండదు? ఒక ముసలి మనిషిని వారాల తరబడి చూసుకున్న నర్సు చేతులకు కొన్ని సంగతులు పట్టుబడతాయి. ఏ పక్కకు తిప్పితే ఊపిరి బిగబడతారో, నడుము కింద ఎక్కడ చెయ్యి వేస్తే లేవడానికి వాళ్ళూ సాయం పడతారో, కాలు ఎప్పుడు జారబోతుందో. కేస్‌షీట్‌లో అవి ఎక్కవు. ఎక్కించినా చదివినవాడి చేతికి రావు. ఆ మనిషిని వార్డు నుంచి సెంటరుకో, సెంటరు నుంచి ఇంటికో పంపితే అక్కడివాళ్ళు మళ్ళీ ఓనమాల నుంచి మొదలెడతారు. వాళ్ళు నేర్చుకునేలోపు దెబ్బలు తినేది ఆ ముసలి ఒళ్ళే.

వకుళ తొడుగులు ఆ చిక్కు విప్పాయి. పాత నర్సు ఒక జత, కొత్త నర్సు ఒక జత తొడుక్కుని, ఇద్దరూ కలిసి ఆ మనిషికి ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి, ముద్ద పెట్టాలి. ఒక పూట గడిచేసరికి పాత చేతుల ఎరుక కొత్త చేతుల్లో ఉండేది. తాతారావు గారిని సెంటరుకు పంపేటప్పుడు నేనూ అలాగే అప్పగించాను. మేము పంపిన వాళ్ళకు పుళ్ళు పడటం తగ్గింది, మంచాల మీంచి పడిపోవడం తగ్గింది. వకుళకు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు వచ్చేవి.

"మేడం, నా చేతులేమయ్యాయి?" అని అడిగాను.

ఆమెకు ముందు అర్థం కాలేదు. జరిగింది చెప్పాను. నా మణికట్లకు పట్టీలు చుట్టి, తాతారావు గారి దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన్ని పక్క మార్చమని చెప్పి తెర మీదికి చూస్తూ కూర్చుంది. చూస్తూ చూస్తూ ఆమె మొహం పాలిపోయింది. తర్వాత మరో నర్సుని పరీక్ష చేసింది. ఆ తర్వాత ఇంకొకరిని.

"పాలల్లో తోడు వేయడం అనుకున్నాను సిస్టర్," అంది చివరికి. "ఈ గిన్నెలోంచి కాస్త తీసి ఆ గిన్నెలో వేస్తే ఇక్కడి పెరుగు అలాగే ఉంటుందనుకున్నాను. ఇది నారు పీకి నాటడం. అక్కడ నాటుకోవాలంటే ఇక్కడ వేరుతో సహా లేవాలి. మీ చేతుల్లో ఆయన తాలూకు ఏమీ మిగల్లేదు."

"ఇన్నాళ్ళూ మాకెవరికీ తెలియలేదేంటి మరి?"

"అప్పగించేశాక వాళ్ళని మళ్ళీ ఎవరు ముట్టుకున్నారు?"

నిజమే. డిశ్చార్జి అయినవాళ్ళు తిరిగి రాకూడదనే మేము కోరుకుంటాం. తిరిగొచ్చినా ఇంకో వార్డుకు వెళ్తారు, ఇంకో సిస్టరుకు పడతారు. ఐసీయూ వాళ్ళకు వార్డు సంగతి తెలియదు, వార్డు వాళ్ళకు ఇంటి సంగతి తెలియదు. పోయిందని తెలియాలంటే తాతారావు గారిలాంటి వారు ఒకరు వెనక్కి రావాల్సి వచ్చింది.

వకుళ ప్రయోగం ఆపేస్తానంది. నర్సులం మీటింగు పెట్టుకున్నాం. కొందరు తొడుగులు విసిరికొట్టారు. ఎక్కువమంది, పోతే పోయింది, ముసలివాళ్ళకు మేలు జరుగుతోంది కదా, కానీ ఒప్పుకున్నవాళ్ళకే తొడగండి అన్నారు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. మళ్ళీ కలవని మనిషి ఎరుక నా చేతుల్లో ఉంటే ఎంత, లేకపోతే ఎంత అన్నాను.

మళ్ళీ కలవని మనిషి కాబట్టి ఆ మాట సులువుగా వచ్చింది.

*

మా అమ్మ పేరు రూతమ్మ. నరసాపురంలో లేసు అల్లి నన్ను చదివించింది. ఆరేళ్ళ కిందట అమ్మకు కుడిపక్క పడిపోయింది. మాట కూడా పోయింది. ఒక్క మాట తప్ప. ఎలా మిగిలిందో ఆ ఒక్కటీ మిగిలింది, "సరేలే".

ఆకలేసినా సరేలే. ఒద్దన్నా సరేలే. భుజం పోటు పెట్టి ప్రాణం మీదికొస్తున్నా సరేలే. గొంతులో ఏ తేడా ఉండదు. "నొప్పి లేదుగా మామ్మా?" అని ఐసీయూలో అడిగితే "సరేలే" అంది, నొప్పి లేదని రాసుకున్నారు. వార్డులో "ఇటు తిప్పనా?" అంటే "సరేలే" అంది, తిప్పి వదిలేశారు, పిర్ర మీద పుండు పడింది. ఫిజియోథెరపీ సెంటరులో "చెయ్యి పైకెత్తుతున్నా" అంటే "సరేలే" అంది, ఎత్తారు, భుజం కీలు జారింది. ఎవరినీ తిట్టలేను. అడిగే చేశారు, ఒప్పుకుందనే చేశారు. ప్రతి చోటా మా అమ్మ కొత్త మనిషే కదా.

అందుకే ఇంటికి తెచ్చుకున్నాను. డ్యూటీ వేళలో పక్క క్వార్టరు ఆవిడ కనిపెట్టుకుని ఉండేది, మిగతాదంతా నేనే. ఏ సరేలే ఏదో నాకూ వెంటనే తెలియలేదు. దాదాపు ఏడాది పట్టింది. చెవితో విని లాభం లేదు. కుడి భుజం వెనక, రెక్క ఎముక అంచున నాలుగు వేళ్ళు ఆనించి ఉంచితే తెలుస్తుంది. వద్దనుకున్నప్పుడు అక్కడ సన్నగా వణుకుతుంది. నొప్పి అయితే గట్టిపడుతుంది. నిజంగానే సరే అయితే నా వేళ్ళ మీదికి బరువు వదిలేస్తుంది. ఆ ఏడాదిలో అమ్మ నా చేతుల్లో ఎన్ని దెబ్బలు తిందో నాకు తెలుసు.

రోజూ పొద్దున్న ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించేదాన్ని. కుడిచేతికి మరీ ఎక్కువ. ఆ చెయ్యి నాకు లేసు నేర్పిన చెయ్యి. ఎనిమిదేళ్ళప్పుడు అరుగు మీద నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా గుప్పిట మీద తన గుప్పిట వేసి సూది నడిపించేది. కుట్టు తప్పితే తిట్టేది కాదు. దారం లాగి విప్పేసి, "సరేలే, మళ్ళీ మొదలెట్టు" అనేది.

నర్సుల నడుములు చివరికి ఏమవుతాయో నర్సులందరికీ తెలుసు, మా వరకు రాదని అనుకుంటాం అంతే. ఒక ఉదయం అమ్మను కుర్చీలోకి మారుస్తుంటే నా నడుములో ఏదో పటుక్కుమంది. ఎడమ కాలు తిమ్మిరెక్కి ఇక దిగలేదు. స్కానింగు చూసిన సర్జన్ మా ఆస్పత్రి ఆయనే, మొహమాటం లేకుండా చెప్పాడు. వచ్చే వారమే ఆపరేషన్. ఆలస్యమైతే కాలు చచ్చుబడుతుంది. ఆపరేషన్ అయ్యాక కూడా మనిషిని ఎత్తడం, తిప్పడం నా జన్మలో చేయకూడదు.

"మీ అమ్మగారికి ఏదో ఏర్పాటు చూసుకోండి సిస్టర్," అన్నాడు.

ఏర్పాటు దొరికింది. గోదావరి గట్టు మీద వృద్ధుల నర్సింగ్ హోం ఉంది. శుభ్రమైన చోటు, చదువుకున్న నర్సులు. అక్కడ అమ్మను చూసుకోబోయే ఆమె పేరు పైడితల్లి, విజయనగరం వైపు మనిషి. వెళ్ళి కలిశాను. నిమ్మళంగా, నవ్వుమొహంతో ఉంది. అమ్మ గురించి తెలిసిందంతా చెప్పాను. శ్రద్ధగా విని, రెక్క ఎముక సంగతి రెండుసార్లు అడిగి మరీ తెలుసుకుంది. తర్వాత అమ్మ భుజం వెనక వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఏటీ తెలీడం నేదక్కా," అంది తెరుచుకున్నాక. అబద్ధమాడనందుకు ఆ పిల్ల నాకు నచ్చింది.

తెలుస్తుంది, ఓ ఏడాదికి. ఈలోపు ఒకటో రెండో పుళ్ళు, ఇంకోసారి భుజం. అమ్మకు ఎనభై దాటాయి. అన్ని దెబ్బలు ఇంకోసారి తినే ఒళ్ళు కాదది.

*

"చేయను," అంది వకుళ. "మీరు అడగకండి, నేను చేయను."

"ఒప్పుకున్నవాళ్ళకు చేస్తామన్నారుగా? నేను ఒప్పుకుంటున్నాను."

"మళ్ళీ కలవని వాళ్ళ సంగతి అది. రేపు మీరు ఆమె చెయ్యి పట్టుకుంటే పరాయి చెయ్యిలా ఉంటుంది సిస్టర్. ఈ ఆరేళ్ళదే కాదు, అంతకు ముందుది కూడా పోవచ్చు. చిన్నప్పటి నుంచి ఆమె చేతుల వల్ల మీ చేతులకు వచ్చినవన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. ఏది ఎక్కడ తెగుతుందో నాకు తెలియదు. తెలియని పని మీ మీద చేయలేను."

"నా చేతుల్లో ఉంచుకుని ఏం చేసుకోను? ఎత్తలేను, తిప్పలేను. మా అమ్మకు ఉపయోగపడని ఎరుక నాకెందుకు?"

"మీ కోసం."

ఆ మాటకు నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడుపు మింగేసి కోపమే వాడాను. "నా కోసం నేను చూసుకుంటే అమ్మకు పుండు పడుతుంది. పడ్డాక మీరొచ్చి కట్టు కడతారా? అలా అయితే ఒప్పుకుంటాను," అన్నాను. వకుళ మంచిది. చాలాసేపు తొడుగుల్ని మడతపెడుతూ, విప్పుతూ కూర్చుని, గురువారం రమ్మంది.

గురువారం పొద్దున్న అమ్మకు స్నానం చేయించి, నూనె పట్టించి, తల దువ్వి, ఉతికిన చీర కట్టాను. ఇంకెప్పుడూ నా చేతులతో చేయనేమోనని కుడిచేతికి ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టించాను. నర్సింగ్ హోంలో అమ్మ మంచానికి ఇటు నేను, అటు పైడితల్లి. బరువంతా ఆమె మోసింది, నేను చేతులు ఆనించి దారి చూపించానంతే. తుడిచాం, పక్క మార్చాం, దిండ్లు సర్దాం, జావ పట్టాం. నాకేమీ పోతున్నట్టు అనిపించలేదు. వకుళ మూలన కూర్చుని తెర చూస్తోంది.

అయిపోయాక పైడితల్లి తొడుగులు తీసి అమ్మకు జావ పట్టింది. ఒక్క చుక్క జారలేదు. ఎడమ కాలు మడిచి, ఎడమ మోకాలికి తన మోకాలు ఆనించి, అచ్చం నాలాగే కూర్చోబెట్టింది. నాకు గుండె నిబ్బరపడింది. ఆ తర్వాత కుడిపక్కకు తిప్పింది.

"సరేలే," అంది అమ్మ.

అంటూనే ఆమె నుదురు ముడుచుకుంది. నేను గబుక్కున వంగి భుజం వెనక వేళ్ళు పెట్టాను. బండలా గట్టిపడి ఉంది. అంటే నాకింకా తెలుస్తోంది. పైడితల్లికి తెలియలేదు.

వకుళ వచ్చి అమ్మ కుడిచేతిని వేలితో రాసి, ఆ వేలు వెలుతురులో చూసింది.

"నూనె రాశారా?"

"రాయనా మరి?"

"తీగలకు ఒంటి తడి తగలాలి సిస్టర్. నూనె మీద అసలు పని చేయవు." నుదురు కొట్టుకుంది. "ఆస్పత్రిలో ఎవరూ పేషెంట్లకు నూనె రాయరు. చెప్పాలని కూడా నాకు తోచలేదు."

ఎడమపక్క నూనె చీరకో దుప్పటికో అంటి పోయింది. పడిపోయిన పక్క కదలదు కాబట్టి నూనె అక్కడే నిలిచింది. ఆ ఎడమపక్క అంతా పైడితల్లి చేతుల్లోకి వెళ్ళిపోయింది. కుడిపక్క నా దగ్గరే ఉండిపోయింది. ఆరోజు నూనె రాయడం తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆడపిల్లను పంపేటప్పుడు తల దువ్వకుండా ఎవరు పంపుతారు?

*

ఆ సాయంత్రం ఇంటికొచ్చి లేసు సూది తీశాను. పోయిందేమిటో చూసుకోవాలనిపించింది. వేళ్ళు వాటంతట అవే గొలుసు అల్లుకుంటూ పోయాయి. లేసు నేర్పింది అమ్మ కుడిచెయ్యి కదా, అది నాతోనే ఉంది. అరచెయ్యంత పువ్వు అల్లేదాకా సూది కింద పెట్టలేదు. మనసు తేలికపడింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, సంతోషమేసింది.

వకుళ ఫోన్ చేసింది. "ఇక్కడితో ఆపేద్దాం సిస్టర్. ఎడమపక్క ఎలాగూ వెళ్ళింది. సగం ఆమెకు, సగం మీకు. కుడిపక్క పైడితల్లి మెల్లగా నేర్చుకుంటుంది."

"ఆలోచిస్తాను," అన్నాను. అంత మెత్తగా నేను ఆ మనిషితో ఎప్పుడూ మాట్లాడలేదు.

నిజంగానే ఆలోచించాను. సగం ఉంచుకోవడానికి నాకు కారణాలు కొల్లలుగా దొరికాయి. పైడితల్లి తెలివైనది. నేనూ వెళ్ళి చెబుతుండొచ్చు. నూనె అడ్డం రావడం దేవుని చిత్తమేమో అని కూడా అనుకున్నాను. నా పంతం సంగతి తెలిసిన దేవుడు నూనెతో నన్నాపుతాడా అని మళ్ళీ నాకే నవ్వొచ్చింది.

మర్నాడు నర్సింగ్ హోంకి వెళ్ళాను. పైడితల్లి మొహం చిన్నబోయి ఉంది. అమ్మ కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత ఎరుపు చూపించింది. ఇంకా పుండు కాలేదు. అవబోతోంది.

"రెండు గంటలకోసారి మారుస్తానే ఉన్నానక్కా," అంది. "మామ్మ సరేలే, సరేలే అంటంది. ఎడమేపు ఐతే నాకు ఇట్టే తెలిసిపోతంది. కుడేపు నా సేతికి గోడ ముట్టుకున్నట్టుంది."

అమ్మ నా వైపు చూసి "సరేలే" అంది. భుజం వెనక చెయ్యి పెట్టాను. వణుకు లేదు, బిగువు లేదు, బరువు మొత్తం నా వేళ్ళ మీదికి వదిలేసింది. ఆ పిల్లను కోప్పడకని కాబోలు. లేదా నేను వచ్చానని. ఎంతసేపైనా ఆ చెయ్యి అలాగే ఉంచాలనిపించింది. ఉంచితే నా నడుము ఊరుకోదు, నేను లేచి వెళ్ళిపోతే ఆ మడమ ఊరుకోదు.

బయటికొచ్చి వకుళకు ఫోన్ చేశాను. "సోమవారం నా ఆపరేషన్. రేపు పొద్దున్నే తొడుగులు తీసుకుని రండి."

"సిస్టర్..."

"నూనె నేనే కడుగుతాను. మీరు రండి చాలు."

*

శనగపిండితో రుద్ది కడిగాను. పోయింది అనుకున్నాక మళ్ళీ కడిగాను. వేళ్ళ సందుల్లో, ముడుచుకుపోయిన అరచేతి మడతల్లో కూడా మిగలకుండా తుడిచాను. ముసలి చర్మం నూనె లేకపోతే ఎంత పొడిబారి ఉంటుందో అప్పుడు చూశాను. తీగలకు ఆ పొడి కూడా పనికిరాదని వకుళ ఒక గిన్నెలో సెలైన్ పోసి తెచ్చింది. అమ్మతో సహా మేము ముగ్గురమూ చేతులు అందులో తడుపుకున్నాక, మేమిద్దరం తొడుగులు వేసుకోవాలంది. నేను అమ్మ కుడిచేతిని ఎత్తి గిన్నెలో ముంచాను.

పైడితల్లి అది చూసి చిన్నగా నవ్వింది. "మా పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడు పాలల్లో ఇలాగే ముంచుతారక్కా. పెళ్ళికూతురు సేతులు ముంచి అత్తోరి సేతుల్లో పెడతారు. అమ్మానాన్న ఒకటే ఏడుపు."

"మాకు చర్చిలో ఆ తతంగం లేదు," అన్నాను. "చెయ్యి ఇలా పట్టు."

తడి కారుతున్న అమ్మ చేతిని తీసి ఆమె చేతుల్లో పెట్టాను. వదలడానికి కాస్త సమయం పట్టింది. వకుళ కిటికీ వైపు తిరిగి నిలబడింది. పైడితల్లి నవ్వు ఎప్పుడో పోయింది.

ఈసారి తెలిసింది. భుజం పట్టుకున్నాం, మోచెయ్యి పట్టుకున్నాం, తుంటి కింద దిండు జరిపాం. ఒక్కో చోట నుంచి చెయ్యి తీస్తుంటే ఆ చోటు నాకు మామూలు చర్మం అయిపోతూ వచ్చింది. నొప్పి లేదు. ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే బయటికి మోస్తుంటే గదులు పెద్దవవుతాయే, అలా. చివరికి రెక్క ఎముక మిగిలింది. నా వేళ్ళు, వాటి మీద పైడితల్లి వేళ్ళు.

"సరేలే," అంది అమ్మ.

"నొప్పి కాదక్కా," అంది పైడితల్లి వెంటనే. "దాహమేస్తంది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకేమీ తెలియలేదు. నా వేళ్ళ కింద ఒక ముసలామె భుజం ఉంది, అంతే. నేను చేతులు తీసేసి, తొడుగులు విప్పి వకుళకిచ్చాను. అమ్మకు నీళ్ళు పైడితల్లే పట్టింది.

*

ఆపరేషన్ బాగానే జరిగింది. కాలికి తిమ్మిరి తగ్గింది. ఇన్నేళ్ళూ నేను తిప్పిన వార్డులోనే నన్ను తిప్పారు. కొత్త ట్రైనీ ఒకామె "నొప్పి లేదుగా సిస్టర్?" అని అడిగితే "సరేలే" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఉందమ్మా, ఎడమ పక్కగా ఉంది, అక్కడ కిందగా దిండు పెట్టు అని చెప్పాను. చెప్పగలగడం ఎంత భాగ్యమో మంచం మీద పడుకున్నాక తెలుస్తుంది.

కూర్చోనిచ్చాక లేసు సూది తెప్పించుకున్నాను. పట్టుకున్నాను. దారం చుట్టాను. ఆ తర్వాత ఏం చేయాలో వేళ్ళకు తెలియలేదు. సూదిని అటూ ఇటూ తిప్పి చూశాను. గురువారం సాయంత్రం నేనే అల్లిన పువ్వు పక్కనే ఉంది, ఎవరో పనిమంతురాలు అల్లినట్టుంది. దుప్పటి మొహాన కప్పుకుని అప్పుడు ఏడ్చాను. మనసారా ఏడ్చి, మొహం కడుక్కుని, సూదిని పెట్టెలో పెట్టేశాను. ఆ రోజు కిటికీ వైపు తిరిగి నిలబడ్డ వకుళ మీద కోపం రాలేదు. అమ్మ మడమ ఎరుపు పూర్తిగా పోయిందని ఆ పొద్దునే ఫోన్ వచ్చింది.

నడుముకు బెల్టు కట్టుకుని, ఆటోలో మెల్లగా వెళ్ళి, నెల తర్వాత అమ్మను చూశాను. పైడితల్లి పక్క మారుస్తోంది. కుడిపక్కకు తిప్పినా అమ్మ నుదుటి మీద గీత కూడా పడలేదు. ఒంటి మీద ఎక్కడా పుండు లేదు. నూనె కూడా రాస్తోంది, నా కంటే తక్కువ వాడుతోంది. మంచం చువ్వకు బ్యాండేజీ దారంతో అల్లిన గొలుసు ఒకటి వేలాడుతోంది.

"ఎవరల్లారు?"

"నేనేనక్కా," అంది సిగ్గుపడుతూ. "పుట్టి బుద్ధెరిగి సూది పట్టుకోలేదు. సేతులు ఊరికే ఉండడం నేదు."

గొలుసు చేతిలోకి తీసుకుని చూశాను. అమ్మ పనితనమే. నన్ను దాటి వెళ్ళి ఇంకొకరి దగ్గర బతుకుతోంది. బాధ కలిగింది, మెచ్చుకోవాలనీ అనిపించింది. రెండోదే పైకి చెప్పాను.

"ముట్టుకోండక్కా మామ్మని," అంది పైడితల్లి. "ఎత్తకండి, ఊరికే ముట్టుకోండి."

భయమేసింది. ముప్పై ఏళ్ళుగా ఎందరెందరినో ముట్టుకున్న చేతులు, కన్నతల్లిని ముట్టుకోవడానికి భయపడ్డాయి. భుజం మీద చెయ్యి వేశాను. ఎక్కడ వేశానో ఏమో, అమ్మ ఉలిక్కిపడింది.

"సరేలే."

ఏ సరేలే? నొప్పా? దాహమా? నన్ను వద్దంటోందా? వేళ్ళకు ఏమీ తెలియలేదు. చెయ్యి తీసేయబోయాను.

తీయనివ్వలేదు. అమ్మ ఎడమచెయ్యి, ఆమెకు మిగిలిన మంచి చెయ్యి, దుప్పటి కింద నుంచి వచ్చి ఒంటికి అడ్డంగా నా చేతిని వెతికి పట్టుకుంది. నా గుప్పిట మీద తన గుప్పిట వేసింది. మెల్లగా జరుపుతూ భుజం వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ నా వేళ్ళు పరిచింది. చూపుడు వేలు సరిగా పడలేదు కాబోలు, దాన్ని ఎత్తి, కాస్త పక్కకు జరిపి, మళ్ళీ పెట్టింది.

మా అమ్మ చేతులకు ఎవరూ ఏ తొడుగూ తొడగలేదు. ఆ చేతిలో నేను ఉన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లను, గుప్పిట ఎంత ఉంటుందో, ఏ వేలు తప్పు పడుతుందో, అన్నీ ఆ చెయ్యి మరిచిపోలేదు.

"ఇక్కడా అమ్మా?" అన్నాను.

నా వేలు మళ్ళీ జారింది. అమ్మ మళ్ళీ ఎత్తి పెట్టింది.

"సరేలే," అంది.

ఈ సరేలే నాకు తెలుసు. కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, బెల్టు సర్దుకుని కూర్చున్నాను. వేళ్ళు ఆమె పెట్టిన చోటే ఆనించి మొదటి నుంచి మొదలెట్టాను.